మిరియానికి కుడి పక్క

కళ్ళద్దాలావిడ మోకాలు పాడు చేసింది స్టూలు, గుర్రం కాదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ చూడవచ్చిన ప్రతివాళ్ళకూ ఆవిడ ఇదే మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టించుకుంది, అయినా ఒక్కరూ నమ్మలేదు. యాభై దాటిన ఆడమనిషి, సెలవురోజు వస్తే చాలు గుర్రమెక్కే ఆడమనిషి, కాలికి కట్టుతో మంచం మీద కనబడితే స్టూలును ఎవరు అనుమానిస్తారు? "పడేసిందటగా" అంటూ వచ్చేవాళ్ళు. "అబ్బే, దుకాణంలో పై అరలో ఫ్రేముల డబ్బా అందుకోబోయి స్టూలు మీంచి జారాను" అని ఆవిడంటే, పాపం ఇంకా వెనకేసుకొస్తోంది అన్నట్టు చూసి, పళ్ళ సంచి బల్లమీద పెట్టి వెళ్ళేవాళ్ళు.

ఆవిడ భర్త వడ్రంగి. ఆ స్టూలు చేసింది ఆయనే. అందుకని గుర్రం గురించి ఎవరెన్ని మాటలన్నా ఆయన పెదవి విప్పేవాడు కాదు. వాళ్ళతోనే ఉండే ఆయన అక్కగారికి మాత్రం దోషి ఎవరో మొదటిరోజే తేలిపోయింది.

"కాలు విరగ్గొట్టిన జంతువుకి ఇంకా దాణా పెట్టి మేపుతారా మీరు?" అంది ఆవిడ, మరదలు ఇంటికొచ్చిన పూట.

"అది కాదు వదినా, స్టూలు."

"స్టూలుకీ నాలుగు కాళ్ళే, దానికీ నాలుగు కాళ్ళే. నాలుగు కాళ్ళవాటిని నమ్మొద్దని నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నా."

వడ్రంగి ఆ పూట తలెత్తకుండా భోజనం చేసి లేచాడు.

ఆ గుర్రం పేరు మిరియం. ఆడగుర్రం. తెల్లటి ఒంటినిండా మిరియాలు దంచి చల్లినట్టు నల్లటి చుక్కలు. దాన్ని కొనాలని కళ్ళద్దాలావిడ ఎప్పుడూ అనుకోలేదు. ఊరి చివర గుర్రపుశాల నడిపే పెద్దావిడకు చూపు మందగించి, దూరంగా ఉన్నవి గుర్రాలో గడ్డిమోపులో తెలియడం లేదని కబురు చేస్తే, అద్దాల పెట్టె పట్టుకుని వెళ్ళింది. పెద్దావిడ ముక్కుమీద ఫ్రేము సరిచేస్తుండగా వెనకనుంచి ఎవరో ఈవిడ సొంత కళ్ళద్దాలు లాగేసుకున్నారు. తిరిగి చూస్తే అంతా మసక. ఆ మసకలో తెల్లగా, పొడుగ్గా ఒక మొహం, దాని నోట్లో అద్దాలు. చెయ్యి చాపితే బుద్ధిగా ఇచ్చేసింది, చొంగతో సహా. అంతే, మనిషి దాని ప్రేమలో పడిపోయింది. ఆ వయసులో స్వారీ నేర్చుకుంటానని ఇంటికొచ్చి చెప్పినప్పుడు వదిన ముక్కుమీద వేలేసుకుంది, వడ్రంగి నవ్వాడు. చివరికి గుర్రాన్నే కొనేసిందని తెలిశాక మాత్రం నవ్వు ఆపి, "పోనీలే, నాకు సవతి వచ్చిందన్నమాట" అన్నాడు. అప్పటినుంచి ఆయన దాన్ని సవతి అనే పిలుస్తాడు. సవతిని చూడ్డానికి శాల గేటుదాకా వస్తాడు, గేటు దాటడు. గుర్రమంటే ఆయనకు చచ్చేంత భయం.

దుకాణంలో పొద్దుటినుంచీ ఆవిడ పని అడగడమే. ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా? ఇప్పుడు కింది వరస కనబడుతోందా? జనం తికమకపడతారు, రెండూ ఒకేలా ఉన్నాయంటారు, తప్పు చెబితే కళ్ళు పోతాయేమోనన్నట్టు బెదురుతారు. మిరియం దగ్గర ఏదీ అడగక్కర్లేదు. దానికి బాగుంటే చెవులు ముందుకొస్తాయి, బాగోకపోతే వెనక్కి పోతాయి. ఆవిడకు పెళ్ళయింది, కూతురు పుట్టింది, కూతురికీ పెళ్ళయింది, సొంతంగా దుకాణం నిలబడింది. అన్నిటికీ సంతోషపడింది. కానీ మిరియం మీద కూర్చుని కంచె వెంబడి పరుగు తీసినప్పుడు కలిగే సంతోషం వేరు. అందులో ఆవిడ ఎవరికీ అమ్మ కాదు, భార్య కాదు, మరదలు కాదు. ఆ సంతోషం గురించి ఇంట్లో చెప్పబోతే మాటలు దొరికేవి కావు, అందుకని ఉత్తినే నవ్వి ఊరుకునేది.

ఇప్పుడా సంతోషానికే ఎసరొచ్చింది.

పాడైంది ఎడమ మోకాలు. గుర్రమెక్కడం ప్రపంచమంతటా ఎడమవైపు నుంచే. ఒకప్పుడు కత్తులు ఎడమ నడుముకు వేలాడదీసుకున్నవాళ్ళు పెట్టిన అలవాటని పెద్దావిడ చెబుతుంది. కత్తులు పోయాయి, అలవాటు మిగిలింది. ఎడమకాలు జీనుకు వేలాడే రికాబులో పెట్టాలి, ఆ మోకాలు గడ్డందాకా మడవాలి, దానిమీదే ఒంటి బరువంతా వేసి లేవాలి. కట్టు విప్పి, కర్ర వదిలి, మామూలుగా నడవడం మొదలయ్యాక ఆవిడ మొదటిసారి శాలకు వెళ్ళి రికాబులో కాలు పెట్టింది. మోకాలు మడిచింది. స్టూలు జారినప్పుడు వినబడిన చప్పుడు మళ్ళీ చెవిలో వినబడింది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. కాలు తీసి కింద పెట్టేసింది. మరోసారి, ఇంకోసారి. ఊహూ.

"మోకాలు బాగైపోయిందండీ. మీరే దాన్ని నమ్మట్లేదు" అంది వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి.

"నమ్ముతున్నానమ్మా. అదే నన్ను నమ్మట్లేదు" అంది ఆవిడ. ఇంట్లో మెట్లు కూడా కుడికాలు ముందు వేసి, ఎడమకాలు దాని పక్కకు తెచ్చుకుని, పసిపిల్లలా ఎక్కుతోంది.

నెలలు గడిచాయి. మిరియం పచ్చిక మేసి పొట్ట పెంచింది. పొద్దున్నే కంచె దగ్గరకొచ్చి నిలబడి, ఎవరూ జీను తేకపోయేసరికి మొహం అటు తిప్పుకుని పోయేది. ఒకరోజు పెద్దావిడ అసలు మాట బయటపెట్టింది.

"అమ్మాయ్, ఎక్కని గుర్రం పాడైపోతుంది. ఒళ్ళూ పాడవుతుంది, మనసూ పాడవుతుంది. లాయరమ్మ అడుగుతోంది దీన్ని."

లాయరమ్మ ఆ శాలలోనే స్వారీ చేస్తుంది. కళ్ళెం పట్టే చెయ్యి మెత్తన, మనిషి మంచిది. ఆవిడ చెడ్డదైనా బాగుండేది, కాదనడం తేలికయ్యేది. కళ్ళద్దాలావిడ వానలు తగ్గేలోపు ఏ సంగతీ చెబుతానని చెప్పి, మిరియం గదిలోకి వెళ్ళి దాని మెడ పట్టుకుని ఏడ్చింది. మిరియం ఆవిడ భుజం మీద గడ్డం ఆనించింది, గడ్డి నమలడం మాత్రం ఆపలేదు.

ఆ ఏడుపులోనే ఆలోచన వచ్చింది. ఎడమకాలు పనికిరాకపోతే కుడికాలుతో ఎక్కొచ్చుగా? కుడివైపు నుంచి ఎక్కితే కుడికాలు రికాబులో ఉంటుంది, బరువంతా దానిమీదే పడుతుంది. ఎడమకాలిని ఊరికే అటు దాటిస్తే చాలు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని తన నెత్తి తానే మొట్టుకుంది.

పెద్దావిడ విని పెదవి విరిచింది. "నీకు తేలికే. దాన్నడుగు. పుట్టి బుద్ధెరిగినప్పటినించీ దానికి మనుషులు ఎడమ పక్కనించే వచ్చారు. గుర్రానికి ఏ కన్ను చూసిందో ఆ కంటికే తెలుస్తుంది. దాని ఎడమ కంటికి నువ్వు తెలుసు. కుడి కంటికి నువ్వెవరో పరాయిదానివి."

"అయితే రెండు కళ్ళకీ రెండు పవర్లన్నమాట. అది నా పనే కదా పెద్దమ్మా" అంది కళ్ళద్దాలావిడ.

పనే, కానీ అంత సులువు కాలేదు. మొదటిరోజు ఆవిడ కుడివైపు నిలబడగానే మిరియం మర్యాదగా వెనక్కి తిరిగి ఎడమ పక్క చూపించింది. పొరపాటుపడ్డావు, ఇటు రా అని దాని ఉద్దేశం. ఆవిడ మళ్ళీ కుడివైపుకు వెళ్ళింది. అది మళ్ళీ తిరిగింది. ఇద్దరూ ఆవరణ మధ్యలో గిరగిరా తిరుగుతుంటే, గేటు బయట నిలబడ్డ వడ్రంగికి కళ్ళు తిరిగాయి.

"మీరిద్దరూ ఆడుకుంటున్నారా, పనిచేస్తున్నారా?" అని కేకేశాడు.

"దాని కుడి కంటికి నన్ను పరిచయం చేస్తున్నా."

"అయిపోయాక నన్ను పరిచయం చెయ్యకు."

అప్పటినుంచి అంతా కుడి పక్కే. దాణా కుడివైపు నుంచి, నీళ్ళు కుడివైపు నుంచి, ఒళ్ళు తోమడం కుడివైపు నుంచి. కళ్ళెం పట్టుకుని నడిపించడం కూడా కుడివైపునే. జీను అటునుంచి వేసి, అటునుంచే పొట్ట కింద పటకా బిగించింది. దుకాణం మూసి, తిన్నగా శాలకు వచ్చి, చీకటిపడేదాకా అదే పని. మిరియం ఒకనాడు ఒప్పుకునేది, మర్నాడు ఏమీ ఎరగనట్టు చెవులు వెనక్కి పెట్టేది. ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. అయినా ఆ రోజులు బాగుండేవి. స్వారీ చేసే రోజుల్లో జీను వేయడం, ఎక్కడం, పోవడం, అంతే ఉండేది. ఇప్పుడు దాని కుడి చెవి వెనక ఉన్న చిన్న మచ్చ కొత్తగా కనబడింది. కుడి పక్క డొక్కలో ఒకచోట గోకితే పై పెదవి వంకరపెడుతుందని తెలిసింది. ఇన్నేళ్ళు కాపురం చేసి సగం మొహమే చూశానన్నమాట అని నవ్వుకుంది.

వడ్రంగి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎక్కడానికి ఎత్తుగా ఉంటుందని మూడు మెట్ల పీట చేశాడు. ఆ పీట చూస్తే ఆయన మనసులో ఏముందో తెలిసిపోయేది. ఏనుగెక్కినా కదలదు. కాళ్ళకు అడ్డకొయ్యలు బిగించి, అడుగున రబ్బరు అతికించి, పైన జారకుండా గరుకు పట్టీలు కొట్టి తెచ్చాడు. దాన్ని గేటుదాకా మోసుకొచ్చి, లోపలికి మాత్రం తోసి వదిలాడు.

"ఇంకో మాట. షెడ్డులో దూలం మీద గోనెపట్టా వేసి కొయ్యగుర్రం చేసిపెడతా. ఇంట్లో రోజూ నాలుగుసార్లు కుడివైపునించి ఎక్కి దిగు. నీకూ అలవాటవ్వాలిగా" అన్నాడు.

"నాకేం అలవాటు కావాలండీ? నాకు తెలియదా ఎక్కడం? నేర్చుకోవాల్సింది అది."

"నేను కుడిచేత్తో రంపం పట్టేవాణ్ణి. ఎడమచేత్తో పట్టమంటే నాకు తెలిసినా చేతికి తెలీదు."

"మీది రంపం, నాది బుర్ర" అని కొట్టిపారేసింది ఆవిడ. ఈ మాట ఆవిడ తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకోవలసి వచ్చింది. ఆయనైతే ఇంకా మర్చిపోలేదు.

వానలు తగ్గాయి. లాయరమ్మకు జవాబు చెప్పాల్సిన రోజు సెలవురోజే వచ్చింది. మిరియం అప్పటికి కుడివైపు పీట పక్కన రాయిలా నిలబడటం నేర్చింది. వీపుమీద ఇసుక సంచి వేసినా కదలడం లేదు. ఇక మిగిలింది మనిషి. ఎక్కగలిగితే గుర్రం ఉంటుంది, లేకపోతే ఆ సాయంత్రమే లాయరమ్మది అవుతుంది. కళ్ళద్దాలావిడ ముందురాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే లేచి కాఫీలో పంచదార వేయడం మర్చిపోయింది, తాగేసింది, తేడా కూడా తెలియలేదు.

శాలకు వదిన కూడా బయలుదేరింది. "నేనెందుకు రావడం, మీరు పోయిరండి" అని నాలుగుసార్లు అని, అందరికంటే ముందు గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లాయరమ్మ కంచె దగ్గర ఉంది. ఇబ్బందిగా నవ్వి, "మీరు ఎక్కాలనే కోరుకుంటున్నానక్కా" అంది. నిజంగానే అంది. పెద్దావిడ మిరియం ముందు నిలబడి కళ్ళెం పట్టుకుంది. వడ్రంగి గేటు చువ్వలు పట్టుకుని, తన పీట కాళ్ళవైపే చూస్తున్నాడు.

కళ్ళద్దాలావిడ కుడివైపుకు వెళ్ళింది. మిరియం కదల్లేదు. కుడి కంటితో చూసి, ఓహో నువ్వా అన్నట్టు తల ఊపింది. ఆవిడ మూడు మెట్లూ ఎక్కి, జూలు గుప్పిట పట్టుకుంది. ఒక్కటే అనుకుంది, అది కదలకుండా ఉంటే చాలు, అది కదలకుండా ఉంటే చాలు. మనసంతా గుర్రం మీద ఉంది. కాళ్ళ సంగతి కాళ్ళకే వదిలేసింది.

కాళ్ళు తమకు తెలిసిందే చేశాయి. ఎడమకాలు దానంతటదే లేచి రికాబులో దూరింది. ఒళ్ళు పైకి లేచింది. కుడికాలు ఎటు పోవాలో తెలియక, ఖాళీగా ఉన్న మెడవైపు తిరిగింది. మిరియం తలెత్తి ఉంటే అక్కడితో అంతా అయిపోయేది. అది తల బాగా కిందికి వంచి, పెద్దావిడ మోకాళ్ళ దగ్గర పెట్టుకుని, ఆ కాలికి దారి ఇచ్చింది. ఆవిడ దభీమని జీనులో కూర్చుంది.



ఆవిడ కళ్ళు తెరిచింది. ముందు చెవులు ఉండాలి. లేవు. ముందు ఒక తెల్లటి పిరుదు, దాని చివర తోక.

"ఏమిటిది, మొహం అటు పెట్టి కూర్చుంది? గుర్రాన్ని తిప్పండర్రా" అంది వదిన.

లాయరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దావిడ పెట్టుకోలేదు, కళ్ళెం పట్టుకునే విరగబడి నవ్వింది. కళ్ళద్దాలావిడ సిగ్గుతో చచ్చిపోబోయి, ఆగింది. రికాబులో ఉన్న తన కాలివైపు చూసింది. మళ్ళీ చూసింది.

"ఏమండీ" అని పిలిచింది, చిన్నగా.

వడ్రంగి అప్పటికే గేటు తీసుకుని పరిగెత్తుకొచ్చి, మిరియం పక్కన నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి దాని మెడమీద వేసి ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"దెబ్బ తగిలిందా? ఎక్కడ?"

"ఏ కాలితో ఎక్కాను నేను?"

ఆయన చూశాడు. చూసి, "ఎడమ" అన్నాడు.

"ఎడమకాలేనా?"

"ఎడమకాలే. మొత్తం దానిమీదే లేచావు."

"నొప్పి లేదండీ" అంది ఆవిడ. "అస్సలు లేదు."

ఆ మాట అనగానే ఏడుపొచ్చింది. నెలల తరబడి మెట్టు మెట్టుకూ ఆవిడ బతిమాలుకున్న మోకాలు, భయంతో వెనకేసి దాచిపెట్టుకున్న మోకాలు, ఆవిడ చూడని క్షణంలో తన పని తాను చేసుకుపోయింది. ఆవిడ ముందుకు వాలి, చేతికందిన ఆ తెల్లటి పిరుదునే రెండు చేతులా కావలించుకుని, నవ్వుతూ ఏడ్చింది. ఇంత సంతోషం పట్టడానికి తన ఒళ్ళు చాలదనిపించింది. మిరియం తోక ఒకసారి ఇటూ అటూ ఆడించి ఆవిడ మొహం తుడిచింది.

"సరే అక్కా, నాకు జవాబు వచ్చేసింది. నేను వేరే గుర్రం చూసుకుంటాలే" అంది లాయరమ్మ. గొంతులో కొంచెం దిగులు ఉంది, అయినా ఆవిడా నవ్వుతోంది.

"కానీ ఎక్కేటప్పుడు మొహం ఎటుండాలో కాస్త చెప్పండి మా మరదలికి" అంది వదిన. కొంగనుకుని గొడుగుతో కళ్ళు ఒత్తుకోబోయి, అది గొడుగని తెలిసి, చేత్తో ఒత్తుకుంది. "పాపం, అది మాత్రం ఎంత బుద్ధిగా నిలబడిందీ" అని కూడా అంది. మిరియాన్ని ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు.

దింపడానికి నలుగురూ చేతులు వేయాల్సి వచ్చింది. కింద కాళ్ళు ఆనాక ఆవిడ నడుం సర్దుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, పీటను ఎత్తి ఎడమవైపు వేయమంది.

"రేపు చూసుకోవచ్చుగా" అన్నాడు వడ్రంగి.

"రేపటికి మళ్ళీ నాకు తెలివొస్తుంది. ఇప్పుడే."

ఆయన పీట మోసుకెళ్ళి ఎడమవైపు వేశాడు. ఆవిడ అటు వెళ్ళింది. మిరియం మర్యాదగా వెనక్కి తిరిగి, కుడి పక్క చూపించింది. ఆవిడ మళ్ళీ ఎడమవైపుకు నడిచింది. అది మళ్ళీ తిరిగి కుడి పక్క తెచ్చి పెట్టింది. పొరపాటుపడుతున్నావు, మనం నేర్చుకున్నది ఇటు కదా అని దాని ఉద్దేశం. పీట పట్టుకుని వెనకాలే తిరుగుతున్న వడ్రంగికి మళ్ళీ కళ్ళు తిరిగాయి.

"చాకిరీ అంతా చేసి నేర్పావు. ఇప్పుడు మళ్ళీ మొదట్నించీ ఎడమ నేర్పుకో" అంది పెద్దావిడ.

"నేర్పుతా పెద్దమ్మా. ఎక్కడికి పోతుంది, నా గుర్రమే కదా" అంది కళ్ళద్దాలావిడ. ఆ మాట పైకి అని, బాగుందనిపించి, మళ్ళీ అంది.

చివరికి పెద్దావిడ ముందు, లాయరమ్మ వెనక, వదిన కుడివైపు గొడుగు అడ్డం పెట్టి నిలబడితే, తిరగడానికి చోటు లేక మిరియం ఆగింది. ఆవిడ మెట్లెక్కింది. జూలు పట్టుకుని, రికాబు చూసుకుని, ఎడమకాలు ఎత్తింది. మోకాలు మడిచేటప్పుడు భయం వేసింది, వేయలేదంటే అబద్ధం. ఈసారి అది ఏ కాలో ఆవిడకు బాగా తెలుసు. తెలిసే పెట్టింది.